పగిలిన కారు అద్దం, క్షమ ఖరీదు: బిల్లు ఎవరు కట్టాలి?



క్షమ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా ఒక ప్రశ్న వస్తుంది. "వినడానికి బాగానే ఉంటుంది అన్నా. కానీ నిజంగా జేబుకి చిల్లు పడినప్పుడు క్షమించడం ఎలా? ఆ నష్టం ఎవరు భరించాలి?" చాలా న్యాయమైన ప్రశ్న. దీనికి పెద్ద పెద్ద ఉదాహరణలు వద్దు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే దొరికే చిన్న ఉదాహరణ తీసుకుందాం.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. ఆదివారం సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి ఎగిరి వెళ్లి ఒక ఖరీదైన జర్మన్ కారు వెనక డోర్ అద్దానికి తగిలింది. అద్దం మొత్తం రాలిపోయింది. కొట్టినవాడు వాచ్‌మెన్ కొడుకు, పదేళ్లవాడు. కారు యజమాని కూడా పుట్టు ధనవంతుడేం కాదు. ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసి, లోన్ పెట్టి కొనుక్కున్నాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు 30,000 అవుతుందన్నారు. వాచ్‌మెన్ జీతం నెలకి 12,000. ఈ రెండు అంకెలూ లెక్క కోసం అనుకున్నవే.

ఇప్పుడు అక్కడ మూడు మాటలు వినిపిస్తాయి. యజమాని అంటాడు: "నెలనెలా అతని జీతంలో కట్ చేయండి." అసోసియేషన్ సెక్రటరీ అంటాడు: "పోనీలెండి సార్, చిన్నపిల్లాడు, వదిలేయండి." పక్కన నిలబడ్డాయన అంటాడు: "ఇన్సూరెన్స్ ఉందిగా, ఇంత గొడవెందుకు?" ఈ మూడింట్లో ధర్మం ఏది?

ముందు అద్దం సంగతి

కారు ముందు అద్దం వేరు, పక్క అద్దం వేరు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసిన లామినేటెడ్ గ్లాస్. రాయి తగిలితే బీటలు వారుతుంది కానీ రాలిపోదు. చిన్న దెబ్బ అయితే రెసిన్ నింపి సరిచేస్తారు కూడా. పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గ్లాస్. గాజుని 600 డిగ్రీల పైన వేడి చేసి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పై పొర నొక్కుకుపోయి, లోపలి పొర లాగబడి ఉంటుంది. అందుకే మామూలు గాజు కన్నా గట్టిగా ఉంటుంది. కానీ ఒక్క చోట తెగిందంటే లోపల దాచుకున్న ఒత్తిడి అంతా ఒకేసారి బయటికొచ్చి, అద్దమంతా పలుకులు పలుకులుగా రాలిపోతుంది. దాన్ని అతికించడం కుదరదు. అదే కొలతతో తయారైన కొత్త అద్దం వేయాల్సిందే. డోర్ లోపలి ప్యానెల్ విప్పాలి, అడుగున పడిన గాజు పలుకులన్నీ వాక్యూమ్‌తో తీయాలి, కొత్త అద్దాన్ని పైకీ కిందకీ నడిపే రెగ్యులేటర్‌కి బిగించాలి. చాలా కార్లలో పవర్ విండోని మళ్లీ సెట్ చేయాలి కూడా. కొన్ని లగ్జరీ కార్లలో బయటి శబ్దం లోపలికి రాకుండా పక్క అద్దాలు కూడా లామినేటెడ్‌వే వాడతారు. వాటి ధర ఇంకా ఎక్కువ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ నష్టం నిజం. "అద్దమే కదా" అని కొట్టిపారేసేది కాదు. ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. క్షమించినంత మాత్రాన బిల్లు మాయమైపోదు. అది ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారుతుంది, అంతే. ఈ లెక్క మర్చిపోతే క్షమ గురించి మనం చెప్పేదంతా పైపై మాటే అవుతుంది.

"ఇన్సూరెన్స్ ఉందిగా"

ఉంది. కాంప్రిహెన్సివ్ పాలసీలో ఇలాంటి ప్రమాదం మామూలుగా కవర్ అవుతుంది. మన దగ్గర గాజు భాగాలకి తరుగు కూడా కొయ్యరు. కానీ 1500 సీసీ దాటిన కారుకి మొదటి 2,000 రూపాయలు యజమానే పెట్టుకోవాలి. అసలు విషయం నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిచేకొద్దీ కారు డ్యామేజీ ప్రీమియం మీద 20 శాతంతో మొదలై 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే, బోనస్ కాపాడే యాడ్-ఆన్ లేకపోతే, అది సున్నాకి వస్తుంది. ఆ ప్రీమియం 80,000 అనుకుంటే 50 శాతం అంటే 40,000. 30,000 అద్దం కోసం 40,000 పోగొట్టుకున్నట్టు. కాబట్టి "ఇన్సూరెన్స్ ఉందిగా" అన్నాయన బిల్లుని తీసేయలేదు, యజమాని వచ్చే ఏడాది ఖాతాలోకి జరిపాడు.

ఇక్కడే ఇంకో చిన్న ప్రలోభం ఉంటుంది. "రోడ్డు మీద రాయి తగిలిందని రాయండి, ఈజీగా అయిపోతుంది" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అవసరమే లేదు. బంతి తగిలిందన్నది కూడా ప్రమాదమే. నిజంతో అయ్యే పనికి అబద్ధం ఎందుకు వాడటం?

"వదిలేయండి సార్"

ఈ మాటలో ఒక ఇబ్బంది ఉంది. సెక్రటరీ గారు క్షమిస్తున్నది వేరేవాళ్ల డబ్బుతో. నష్టం నాది కానప్పుడు నేను ఎంత ఉదారంగా అయినా ఉండగలను. భాగవతం మొదటి స్కంధంలో అశ్వత్థామని బంధించి తెచ్చినప్పుడు భీముడు చంపాల్సిందే అంటాడు. వదిలేయమని అడిగేది ద్రౌపది. చనిపోయింది ఆవిడ బిడ్డలే. తనలాగే ఇంకో తల్లి ఏడవకూడదని ఆవిడ అడుగుతుంది. అందుకే ఆ మాటకి అంత బరువు. అదే మాట ఊళ్లో ఎవరో దారినపోయేవాళ్లు అని ఉంటే దానికి ఏం విలువ ఉంటుంది?

కాబట్టి ఎదుటివాళ్లని "క్షమించండి" అని అడిగేముందు మనం ఒక పని చేయొచ్చు. బిల్లులో కొంత మనం పంచుకోవచ్చు. పిల్లలకి ఆడుకోవడానికి చోటు చూపించకుండా, సెల్లార్‌లో కార్ల పక్కనే ఆడనిచ్చిన అసోసియేషన్‌కి ఇందులో వాటా లేదంటారా?

"జీతంలో కట్ చేయండి"

ఇప్పుడు యజమాని మాట. దీన్ని ఊరికే తీసిపారేయకూడదు. "ఉన్నవాడివి కదా, నువ్వే భరించు" అనడం కూడా అన్యాయంగా అనిపించొచ్చు. అతని చెమట చెమట కాదా?

మహాభారతం అరణ్యపర్వంలో సరిగ్గా ఈ చర్చే ఉంది. ధర్మరాజు క్షమ గొప్పదంటుంటే ద్రౌపది ఒప్పుకోదు. ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాటల్ని ఆవిడ గుర్తు చేస్తుంది. వాటి సారం ఇది: ఎప్పుడూ కోపమే మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు. ఎప్పుడూ క్షమించేవాణ్ణి సొంత పనివాళ్లే లెక్కచేయరు. ఎప్పుడూ కోపంతో ఉండేవాణ్ణి ఇంట్లో దూరిన పాముని చూసినట్టు చూసి జనం భయపడతారు. మరి ఎవర్ని క్షమించాలి? ఇంతకుముందు మనకి మేలు చేసినవాణ్ణి. తెలియక చేసినవాణ్ణి, అయితే నిజంగా తెలియకే చేశాడా అని విచారించాక. మొదటిసారి తప్పు చేసినవాణ్ణి. తెలిసి చేసి, తెలియదని బుకాయించేవాణ్ణి మాత్రం తప్పు చిన్నదైనా వదలకూడదు. రెండోసారి చేసినవాణ్ణీ అంతే.

చూశారా, ఎక్కడా "నష్టం ఎంత" అనే దగ్గర మొదలుపెట్టలేదు. "మనసులో ఏముంది" అనే దగ్గర మొదలుపెట్టారు. మన చట్టం కూడా అంతే. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం ఇంకొకరి వస్తువు పాడుచేయడం నేరం కావాలంటే, నష్టం చేయాలనే ఉద్దేశం గానీ, నష్టం జరగొచ్చని తెలిసి ఉండటం గానీ ఉండాలి. ఆటలో ఎగిరిన బంతికి "పోలీసులకి చెప్తా" అని బెదిరించడం పిల్లాణ్ణి ఏడిపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇప్పుడు మన కేసుకి పెట్టి చూద్దాం. పిల్లాడు కావాలని కొట్టలేదు. మొదటిసారి. వాళ్ల నాన్న రోజూ రాత్రిళ్లు మేలుకుని ఆ కారునే కాపలా కాస్తున్నాడు. ప్రహ్లాదుడు చెప్పిన మూడు కారణాలూ ఇక్కడ ఉన్నాయి.

ఇంకో లెక్క కూడా చూడండి. 30,000 అంటే యజమానికి ఒక వీకెండ్ ట్రిప్ మానుకోవడం కావొచ్చు, ఫోన్ మార్చడం వాయిదా వేయడం కావొచ్చు. వాచ్‌మెన్‌కి అది రెండున్నర నెలల జీతం. అంటే అప్పు, లేదంటే పిల్లాడి చదువు. అంకె ఒకటే, బరువు ఒకటి కాదు.

దెబ్బ ఎంత, శిక్ష ఎంత?

ఆదిపర్వంలో శమీక మహర్షి కథ మీకు తెలుసు. పరీక్షిత్తు వేటలో అలిసిపోయి వచ్చి ఏదో అడిగాడు. మౌనవ్రతంలో ఉన్న ముని బదులివ్వలేదు. రాజు కోపంతో చచ్చిన పాముని ఆయన భుజం మీద వేసి వెళ్లిపోయాడు. కొడుకు శృంగికి తెలిసింది. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకి చావాలని శపించాడు. అవమానం నిజమే. కానీ దానికి ప్రాణం ఖరీదా? శమీకుడు కొడుకుని మెచ్చుకోలేదు, బాధపడ్డాడు. ఆకలితో, అలసటతో వచ్చిన రాజుకి నా వ్రతం గురించి తెలియదు కదా అన్నాడు. ఆ రాజు మనల్ని కాపాడుతున్నవాడు కదా అన్నాడు. శిష్యుణ్ణి పంపి రాజుకి హెచ్చరిక కూడా చేయించాడు. దెబ్బ తగిలింది తండ్రికి. క్షమించింది ఆయనే. శపించింది దెబ్బ తగలనివాడు.

శృంగి కోపం ఆ పాము ఒక్కదానితో వచ్చింది కాదేమో. మనమూ అంతే. ఆఫీసులో అప్రైజల్ బాగా రాలేదు, ఈఎంఐ నెత్తి మీద ఉంది, ఎవరో ట్రాఫిక్‌లో కట్ కొట్టాడు. ఇదంతా లోపల దాచుకుని, గట్టిగా, నున్నగా కనిపిస్తూ తిరుగుతాం. పక్క అద్దం లాగే. చిన్న బంతి ఒకటి తగిలేసరికి మొత్తం ఒకేసారి రాలుతుంది. ఆ పలుకులు ఎవరి మీద పడతాయి? అక్కడ ఎదురు చెప్పలేనివాడి మీద. అద్దం బిల్లు 30,000 అయితే, అందులో మన పాత కోపాల బిల్లు కూడా కలిపి ఆ పిల్లాడి చేతికి ఇస్తున్నామా అని ఒక్కసారి చూసుకోవాలి.

గీత పన్నెండో అధ్యాయం పదమూడో శ్లోకంలో భక్తుడి లక్షణాలు చెబుతూ భగవానుడు నిర్మముడు, క్షమాశీలి అనే రెండు మాటల్నీ ఒకే శ్లోకంలో పెట్టాడు. "నాది" అనే పట్టు కొంచెం సడలితే తప్ప క్షమ కుదరదు. నిర్మముడు అంటే కారుని పగిలిన అద్దంతో వదిలేయమని కాదు. శుభ్రంగా కొత్త అద్దం వేయించుకోండి. కారుకి తగిలిన దెబ్బని "నాకు" తగిలిన అవమానంగా మార్చుకోవద్దు, అంతే.

అయితే పిల్లాడికి బాధ్యత లేదా?

ఉంది. ఇక్కడే మనం రెండు విషయాల్ని కలిపేస్తాం. డబ్బు వేరు, బాధ్యత వేరు. డబ్బు మోయగలిగినవాళ్లు మోయాలి. బాధ్యత చేసినవాడే మోయాలి. పిల్లాడు తనంతట తానే వచ్చి "అంకుల్, నా బంతే తగిలింది, సారీ" అని చెప్పాలి. అది వాడి వంతు. పదేళ్లవాడికి అది చిన్న పనేం కాదు.

కానీ వాడు ఆ నిజం చెప్పగలగాలంటే, నిజం చెబితే నాన్న జీతం పోదు అన్న నమ్మకం ఉండాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సర్వర్ పడిపోయినప్పుడు ఎవరిది తప్పు అని వేలు చూపకుండా, ఏం జరిగింది అని మాత్రమే అడుగుతారు. మంచితనం కోసమే కాదు. వేలు చూపిస్తే తర్వాతిసారి ఎవరూ నిజం చెప్పరు. రెండున్నర నెలల జీతం పోతుందని తెలిస్తే ఏ వాచ్‌మెన్ కొడుకైనా పారిపోతాడు, ఏ తండ్రైనా "మావాడు కాదు సార్" అంటాడు. వాళ్ల చేత ఆ అబద్ధం ఆడించిన పాపంలో మనకి వాటా లేదా?

చివరగా ఒక పరీక్ష. అదే బంతి ఐదో అంతస్తు డాక్టర్ గారి అబ్బాయి కొట్టి ఉంటే మనం ఏం చేసేవాళ్లం? వాణ్ణి మెడ పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లేవాళ్లమా? "నాలుగు ఆదివారాలు నా కారు కడుగు" అనేవాళ్లమా? అనం కదా. అక్కడ డాక్టర్ గారే అడగకముందే బిల్లు కట్టాలి, కట్టగలరు కాబట్టి. కానీ పిల్లాడితో మాట్లాడే తీరు మాత్రం ఇద్దరి విషయంలోనూ ఒకటే ఉండాలి. డబ్బు విషయంలో తేడా ఉండొచ్చు, గౌరవం విషయంలో ఉండకూడదు.

ఈ వారం ఎవరివల్లో మీకు చిన్న నష్టం జరిగితే, డెలివరీ అబ్బాయి బైక్ గీత పెట్టినా, పనమ్మాయి చేతిలో కప్పు జారినా, మాట అనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. కావాలని చేశారా? ఇది మొదటిసారా? ఈ ఖర్చు ఎవరికి తేలిక? ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకున్నాక కూడా కోపం మిగిలి ఉంటే, అది బహుశా ఆ అద్దానిది కాదు.

జై శ్రీకృష్ణ.