కాగితం చెల్లకపోతే మనిషి చెల్లడా?



బాయిల కప్పు కూలి మనిషి చిక్కుకుంటే రెస్క్యూ టీం ముందు అతన్ని బయటికి తీస్తది. తప్పు ఎవరిదన్న విచారణ తర్వాతి సంగతి. గోదావరిఖనిలో ఇది ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరి గల్ఫ్‌లో చిక్కుకున్న మనోళ్ల విషయంలో ముందు విచారణే ఎందుకు మొదలుపెడతం?

పని దొరక్క మన పల్లెల పిల్లలు దుబాయి, సౌదీ, కువైట్ పోయిండ్రు. అక్కడ ఎంతోమంది పాస్‌పోర్టులు యజమానుల చేతిలోనే ఉంటయి. జీతం ఇయ్యకపోతే, కొడితే, మనిషి బయటపడతడు. 'పారిపోయిండు' అని యజమాని కేసు పెడితే వీసా చెల్లదు. ఇగ అతను 'ఖల్లివెల్లి'. దొరికితే నిర్బంధ కేంద్రం. శిక్ష పడ్డ ఖైదీకి ఒక తేదీ ఉంటది, ఇతనికి అదీ తెలియదు. జరిమానా, ఔట్‌పాస్, టికెట్టు, ఏది ఎప్పుడు తేలుతదో! అట్ల ఎదురుచూసీ ఎదురుచూసీ నిద్ర పోతది, మాట తగ్గుతది, బతుకు మీద ఆశ చస్తది.

ఇక్కడ మనం "వాని కర్మ" అంటం. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నోళ్ల నోట ఈ మాట రావొచ్చా? పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ తోసిపుచ్చింది ఇందుకే. బాధపడేవాడినే దోషిని చేసి, సమాజం చేతులు దులుపుకోవడానికి అది పనికొస్తది.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును తోటి భిక్షువులు పట్టించుకోలేదు. అతని వల్ల తమకేం ఉపయోగం లేదన్నరు. తథాగతుడు ఆనందునితో కలిసి స్వయంగా అతన్ని కడిగి, మంచం మీద పడుకోబెట్టిండు. అర్హత అడగలేదు.

చట్టమూ ఉంది. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, పట్టుబడ్డ విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేట్‌కు ఆలస్యం చేయకుండా తెలపాలి. కాన్సులేట్ అధికారి అతన్ని కలవొచ్చు, వకీలును పెట్టొచ్చు. బయటివాళ్లకు అందే స్థాయి వైద్యమే బందీకీ అందాలని, అందులో మానసిక వైద్యమూ ఉండాలని ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు చెప్తయి. పాటిస్తరా అంటే, అడగకుంటే అసలే పాటించరు. మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది. వకీలుకు, అత్యవసర వైద్యానికి, టికెట్టుకు సాయం అడగొచ్చు. పాస్‌పోర్టు నకలు పెట్టి ఇంటివాళ్లు ఇక్కడి నుంచే 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. తిరిగొచ్చినోడు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే పోశమ్మ దగ్గరికి కాదు, 14416కు ఫోన్ చేయండి. ఆ టెలీ మానస్ లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం తీసుకోరు.

ఇంకొకటి అడగాలి, కష్టమైన ప్రశ్నే. బౌద్ధులు ఎక్కువగా ఉన్న మయన్మార్ నుంచి ప్రాణభయంతో వచ్చిన రోహింగ్యాలు హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్నరు. బాబాసాహెబ్ ముసాయిదా కమిటీ నడిపిన రాజ్యాంగంలో 21వ అధికరణ ప్రాణరక్షణను 'పౌరుని'కి అనలేదు, 'వ్యక్తి'కి అన్నది. దుబాయి నిర్బంధంలో ఉన్న మన పిల్లగాని కోసం అడిగే వకీలును, డాక్టరును, ఇక్కడ పట్టుబడ్డ రోహింగ్యా కోసం కూడా అడుగుతమా?