పండుగనాటి నేయి

మతము ఉపవాసమును విధించినదనిన ఎవరికిని ఆశ్చర్యము కలుగదు. ఆకలిని అణచుటయే ఆధ్యాత్మికసాధనకు తొలిమెట్టని లోకమంతయు నమ్మియున్నది. కాని ఏ మతము ఏకాదశినాడు పచ్చిగంగయైనను ముట్టవలదని శాసించినదో, ఆ మతమే సంక్రాంతినాడు క్రొత్తబియ్యముతో పొంగలి వండుమనియు, కనుమనాడు మినుము తినుమనియు, శ్రీరామనవమినాడు మిరియపుపొడియు ఏలకులును వేసిన బెల్లపు పానకమును తాను త్రాగి, వీధిని పోవు బాటసారిచేతను త్రాగింపుమనియు చెప్పుచున్నది. ఈ రెండు విధులలో ఏది మతమునకు హృదయము, ఏది పైపూత? విందు కేవలము బలహీనులయెడ పెద్దలు చూపిన దాక్షిణ్యమనియు, నిజమైన భక్తునకు గంజినీళ్లును ఏకాంతమును చాలుననియు చెప్పు విజ్ఞులు మనలో ఎందరో కలరు. వారి నిష్ఠను నేను గౌరవింతును. వారి సిద్ధాంతమును మాత్రము అంగీకరింపజాలను. ఇంటిలో, అయినవారి నడుమ, ఋతువునకు తగిన వంటతోను పానీయముతోను పాటతోను జరుపుకొను పండుగయే ఒక ఆరాధన యని నా విశ్వాసము. అయితే అది ఆరాధన యగుటకు కొన్ని నియమములు కలవు. వానిని తప్పినచో వట్టి తిండి మిగులును.

విందునెడల ఈ శంక మన దేశమునకే పరిమితమైనది కాదు. ఇంగ్లండులో ప్యూరిటనులు అధికారమునకు వచ్చినపుడు 1647లో పార్లమెంటు క్రిస్మసు పండుగను రద్దుచేసినది. సముద్రమున కావలి మసాచుసెట్సు వలసలో 1659లో ఆ పండుగ జరిపినవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించిరి. వారు దుష్టులు కారు. క్రీస్తు జన్మదినమని చెప్పి జనులు తప్పద్రాగి వీధులలో చేయు అల్లరిని చూచి మనసు నొచ్చినవారు. ఆ నొప్పిలో సత్యము కలదు. 1660లో రాజరికము మరల నెలకొనుటతో ఇంగ్లండులో ఆ నిషేధము పోయినది, మసాచుసెట్సులో 1681లో జరిమానా చట్టమును తీసివేసిరి, పండుగ నిలిచినది. ఒక ఆచారము నిలిచినంతమాత్రమున అది పవిత్రమని రుజువు కాదు గనుక, ప్యూరిటనులు వేసిన ప్రశ్న మిగిలియే యున్నది: తినుటకును దేవునికిని ఏమి సంబంధము?

ఈ ప్రశ్నకు తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి చెప్పిన సమాధానముకంటె గంభీరమైనదానిని నేనెరుగను. వరుణుని కుమారుడైన భృగువు తండ్రియొద్దకు పోయి బ్రహ్మమును బోధింపుమని వేడగా, తండ్రి తపస్సు చేసి తెలిసికొమ్మనెను. కుమారుడు తపించి మొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొనెను. పిమ్మట ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని, తుదకు ఆనందమని గ్రహించెను. ఇంతవరకు చదివి గ్రంథము మూసివేయువారు అన్నము క్రిందిమెట్టనియు, దానిని దాటిపోవుటయే జ్ఞానమనియు తలంతురు. కాని ఉపనిషత్తు అచ్చట ముగియలేదు. ఆనందమును చేరిన తరువాత ఋషి మరల అన్నమువద్దకే తిరిగివచ్చి వ్రతములను చెప్పుచున్నాడు: అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధిగా చేయవలెను, ఇంటికి వచ్చినవారిని ఎవ్వరినైనను కాదని పంపరాదు. పరమానందమును పొందినవాడు మౌనము వహించునని మనము ఊహింతుము గదా; ఈ వల్లి చివర ఆ జ్ఞాని సామగానము చేయుచు కూర్చుండును, ఆ గానమునకు విషయము అన్నమే; తానే అన్నమనియు, అన్నమును భుజించువాడును తానే యనియు అతడు పాడును. భోజనమును, సంగీతమును, బ్రహ్మానుభవమును ఒక్కచోట కూర్చిన ఈ ఘట్టమును చదివినపుడెల్ల, మన పండుగ యింటి సందడికి ఇంతకంటె వేరు ప్రామాణ్యమేల యని నాకు తోచును.

ఉపనిషత్తు సూత్రప్రాయముగా చెప్పినదానిని సంసారి యింట నడిపి చూపినవాడు ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు వ్రాసిన ఈ ప్రబంధమున, రాజనీతికంటెను ఋతువర్ణనములకంటెను నాకు ప్రియమైన భాగము, శ్రీవిల్లిపుత్తూరిలో ఆ పరమభాగవతుడు అతిథులకు పెట్టిన భోజనముల ప్రస్తావన. జడివాన పట్టిన దినములలో తెల్లని వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తీరుల కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, ధారాళముగా నేయి. ఎండకాలమున నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని అంబళ్లు, చెరకురసము, లేత కొబ్బరినీళ్లు, ఊరవేసిన పిందెలు, నీరుచల్ల. చలికాలమున మిరియపుపొడితో చుయ్యిమను కూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్లు, పాయసములు, చేయి చుఱుక్కుమనునంత వేడినేయి, కాచిన పాలు. ఏ ఋతువు శరీరమును ఏవిధముగ బాధించునో ఆ బాధకు తగిన ఉపశమనమును ఆ గృహస్థుడు విస్తరిలో సమకూర్చెను. నడిరేయి ఆ యింటి దాపున నిలిచి ఆలకించినచో మూడు ధ్వనులు వినబడెడివని రాయలు చెప్పెను: శేషశాయి కథలు, దివ్యప్రబంధ పారాయణము, కూరలు అట్టే లేవు, వేడియు చాలదు, పిండివంటలు లేవు, దయచేసి ఆరగింపుడని అతిథులను బతిమాలు మాటలు. వేదతుల్యమైన ప్రబంధఘోషమును, గృహస్థుని బతిమాలుటను ఒకే పద్యమున, ఒకే స్థాయిని నిలిపిన ఆ రాజకవి హృదయమునకు నేను మ్రొక్కుదును.

ఆ యింట పెరిగిన బిడ్డయే గోదాదేవి. ఆమె పాడిన తిరుప్పావైలో పాశురములు ముప్పది. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా వానినే పఠింతురు. రెండవ పాశురమున వ్రతము పట్టిన కన్యలు నేయి తినము, పాలు త్రాగము, కాటుక పెట్టము, పూలు ముడువము అని నియమము చేసికొందురు. ఇరువదియేడవ పాశురమునకు వచ్చునప్పటికి ఆ నియమము సఫలమై ముగియును. వారు నగలు తాల్తురు, వలువలు కట్టుదురు, పాలతో వండిన అన్నముపై నేయి మోచేతివరకు జారునట్లు పోసికొని, అందరును కూడి, చల్లగా భుజింతురు. వ్రతము నేతిని ద్వేషింపలేదు. దానికొరకు ఎదురుచూచుట నేర్పినది.

అప్పుచేసియైనను నేయి త్రాగుమని చార్వాకులు బోధించిరని మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహమువలన తెలియుచున్నది. చార్వాకుని నేయియు గోదాదేవి నేయియు ఒకే ఆవుపాలనుండి వచ్చినవి. రుచియు ఒకటియే, పుష్టియు ఒకటియే. భేదము నేతిలో లేదు, దాని ముందువెనుకలలో కలదు. చార్వాకుని నేతికి ముందు నిరీక్షణము లేదు, ప్రక్కన తోడు లేదు, వెనుక కృతజ్ఞత లేదు; అప్పు మాత్రము కలదు. గోదాదేవి నేతికి ముందు ఇరువదియారు దినముల మంచుతెల్లవారుజాములు కలవు, చుట్టును చెలులు కలరు, వారి నోట పాట కలదు. పండుగ భోజనము పూజ యగునో కాదో నిర్ణయించుటకు ఇంతకంటె నిశితమైన గీటురాయి నాకు దొరకలేదు.

ఈ గీటురాయిపై మన సంక్రాంతిని గీచి చూడుడు. ధనుర్మాసమంతయు వేకువను హరిదాసు తలపై రాగి అక్షయపాత్రను నిలిపి, తంబురయు చిడతలును పలికించుచు వీధివీధిని తిరుగును. గడపలోని పిల్ల దోసిట బియ్యము తెచ్చి పోయుటకై అతడు మోకాలు వంచును. గంగిరెద్దులవాడు సన్నాయితోడను డోలుతోడను వచ్చును. జంగమదేవర శంఖమును గంటను మ్రోగించుచు వచ్చును. ముంగిట ఆడపిల్లలు గొబ్బెమ్మల చుట్టును తిరుగుచు పాడుదురు; తాళ్లపాక అన్నమయ్యయంతటివాడు గొబ్బిపాటలు కట్టుట తన సంకీర్తనకు తక్కువ యనుకొనలేదు. పండుగకు సంగీతమును మనము కొనితెచ్చుకొనలేదు, అదియే మన గడపకు నడచి వచ్చి క్రొత్తపంటలో తన పాలు అడిగి తీసికొన్నది. ఇక వంటలు చూడుడు. అరిసెలకు తడిబియ్యము దంచువారొకరు, బెల్లపు పాకము చూచువారొకరు, నూనెలో కాల్చువారొకరు, చెక్కలనడుమ ఒత్తి నూనె కార్చువారింకొకరు కావలెను. తెలంగాణమున సకినాలు చుట్టుటకు నువ్వులును వామును కలిపిన పిండిముద్దతో ఇరుగుపొరుగు స్త్రీలు తడిబట్టచుట్టును కూర్చుందురు. ఒంటిచేతికి లొంగని వంటలనే మన పూర్వులు పండుగకు నియమించిరనుట నాకు చాల అర్థవంతముగ కనబడుచున్నది.

ఆ దినములలో తినువారెవరు? ఇంటివారును అల్లుండ్రును మాత్రమే కాదు. సంక్రమణపుణ్యకాలమున పితృదేవతలకు తర్పణములు విడుతురు, గుమ్మడికాయలను దానమిత్తురు. కనుమనాడు దున్నిన ఎడ్లకు కొమ్ములు కడిగి రంగులు పూసి వానికి మేలైన మేత పెట్టుదురు. పక్షులకై వరికంకుల కుచ్చులను చూరునకు వ్రేలాడగట్టుదురు. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత మూడవ అధ్యాయమున భగవంతుడు పలికిన మాటను ఒక్క శ్లోకమైనను చదువని రైతుకుటుంబము మూడు దినముల యందు ఆచరించి చూపుచున్నది.

పానీయముల విషయమునను మన ఆచారము విశిష్టమైనది. వసంతమున ఎండ ముదురుచున్నపుడు వచ్చు శ్రీరామనవమికి పానకము, నానిన పెసరపప్పు, చల్లని మజ్జిగ. ఉగాదికి వేపపూతతో చేసిన పచ్చడి, తెలంగాణమున దానిని పలుచగా చేసి క్రొత్తకుండనుండి ముంచి పాత్రలతో త్రాగుదురు. మత్తు కలిగింపక దప్పిక తీర్చు పానీయములను పండుగకు చేర్చుటచే, ప్యూరిటనులు భయపడిన ఆపదను మన పెద్దలు చట్టము లేకయే చాలవరకు తొలగించిరి. మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామి నోటిలో అర్చకుడు శంఖముతో పానకము పోయును. గుటకల చప్పుడు వినబడి అది నిలిచినతోడనే, స్వామి చాలుననెనని, మిగిలినదానిని తెచ్చిన భక్తునికే ప్రసాదముగ నిత్తురు. సగము తాను త్రాగి సగము నీకు మిగిల్చెడి దైవమును భావించినవారు, దేవుని తోటిభోక్తగా తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొనిరి. భోగమును త్యాగమునకు శత్రువుగ తలంచు తత్త్వమునకు ఈ చనువు ఎన్నటికిని అర్థము కాదు.

పాటను గూర్చి ఒక మాట. త్యాగరాజస్వామి (1767-1847) మహాకృతులతోపాటు ఉత్సవసంప్రదాయ కీర్తనలను రచించెను. మేలుకొలుపు, నైవేద్యము, తాంబూలము, పవ్వళింపు, ప్రతి ఉపచారమునకు ఒక పాట. రాముని కెదుట పాలగిన్నె నుంచి పాడుటకు తోడిరాగమున కీర్తన కట్టిన ఆ మహానుభావుడు ఉంఛవృత్తితో జీవించెను. వీధిని పాడుచు తెచ్చిన బియ్యమే ఆయన యింట నైవేద్యము. ఆ కీర్తనలు గొప్ప గాత్రమును కోరవు. అవి ఇంటిల్లిపాది కలిసి పాడుకొనుటకు పుట్టినవి. నేడు పండుగనాడు యంత్రమున ఒక పాటను పెట్టి, అందరును తమ తమ పనులలో మునుగుచున్నారు. ఆ గానము ఎంత శ్రావ్యమైనను, అపశ్రుతులతో నైనను ఇంటివారు పాడుకొన్న మంగళహారతికి అది సాటిరాదని నేను నిశ్చయముగ చెప్పుదును, ఏలయన అచ్చట పాడువారే నివేదించువారు.

ఉద్యోగార్థమై అమెరికాలోను ఇంగ్లండులోను స్థిరపడిన తెలుగువారు సంక్రాంతిని దగ్గరి శనివారమునకు జరిపి జరుపుకొందురు. ఇది ఆచారభంగమని కొందరు పెద్దలు బాధపడుదురు. కాని సంక్రాంతికి ఆధారమైన ఉత్తరాయణమే, అనగా సూర్యుడు నిజముగ ఉత్తరమునకు మరలుటయే, డిసెంబరు 21 లేక 22న జరుగుచున్నది. విషువచ్చలనముచేత సుమారు 72 ఏండ్లకు ఒక అంశ చొప్పున తేడా పెరిగి, మనము నక్షత్రములను ఆధారముగ గొన్న నిరయణగణనముతో జరుపు మకరసంక్రమణము ఇపుడు జనవరి 14 లేక 15న వచ్చుచున్నది. ఆకాశమే ఇరువదినాలుగు దినములు సవరించుకొన్న పండుగకు, పనివారము చూచి రెండు మూడు దినములు సవరించుకొన్న సంసారి అపరాధి యెట్లగును? ఆ శనివారమున అతని యింట ఒంటరి విద్యార్థికి విస్తరి వేసినచో, తిథి తప్పినను పండుగ తప్పలేదు.

తప్పినది మరియొకచోట. ఎవ్వరిని కాదని పంపరాదన్న ఉపనిషద్వ్రతమును పఠించిన యిండ్లలోనే, ఆ వడ్లు నాటిన కూలియు కోసిన పాలేరును తరతరములుగా పెరటిలో నిలుచుండి చేటలోనికి అన్నము పోయించుకొని పోయిరి. బియ్యము పండించినవానికి పంక్తి లేకుండ చేసిన విందు ఎన్ని మంత్రములతో వడ్డించినను చార్వాకుని విందుకంటె హీనమని చెప్పుటకు నాకు జంకు లేదు; చార్వాకుడు కనీసము దానిని ధర్మమని పిలువలేదు. ఈ పాపము అంతటను తొలగినదని అనుకొనరాదు. ఇక ఇంటిలోపలి అన్యాయము దీనికంటె మెత్తనిది, అందువలన కనబడనిది: వేకువనుండి పొయ్యియెదుట నిలిచిన తల్లియు కోడలును, అందరును తిని లేచి తాంబూలములు వేసికొనుచున్నపుడు, చల్లారిన గారెలతో ఏ మూలనో కూర్చుందురు. ఇందాక చెప్పిన వానకాలపు వంటను వర్ణించునపుడు రాయలు ఒక విశేషమును విడువలేదు. తడిసిన కట్టెల పొగ భార్య కన్నులలో సోకకుండుటకై విష్ణుచిత్తుని యింట ఎండిన కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టిరట. చక్రవర్తి కంటికి కనబడిన ఆ పొగ మన కంటికి ఏల కనబడదు? వడ్డన చేయుటకు మగవారికి చేతులున్నవి. వండినవారిని మొదటి పంక్తిలో, పండించినవారి ప్రక్కన కూర్చుండబెట్టుటకు ఏ ఆగమమును అడ్డుచెప్పలేదు. రానున్న కనుమకు ఈ ఒక్క మార్పు చేసినచో గారెలు వేడిగా ఉండగనే అందరికిని అందును.