నెమ్మదిగల ఇల్లు



పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో చెమటోడ్చిన కోస్తావారు కొందరు, పని విరమించిన పిమ్మట దివిసీమకు పోయి చిన్న ఇల్లు కొనుక్కొని నెమ్మదిగా బ్రదుకవలెనని తలంచుచుందురు. ఈ కోరిక తప్పు కాదు. పులిగడ్డ యొద్ద కృష్ణానది రెండు పాయలై ఆ సీమను చుట్టి సముద్రములో కలియుచున్నది. అక్కడ వరిచేలు, మడచెట్లు, పడవలు. లారీల మోత తక్కువ.

అయితే చోటును నమ్ముకొన్న నెమ్మది నిలుచునా? మన యీ ప్రాంతమును చూడుడి. ఇదియు ఒకనాడు చెరువుల పల్లెసీమయే. 1970 దశకములో కర్మాగారములు వచ్చెను. కూలి దొరికెను గాని నక్కవాగు నీరు చెడెను. ఆ మొర 1990లో సుప్రీంకోర్టు వరకు పోయెను. దివిసీమయు అట్లే. 1977 నవంబరు 19న ఉప్పెన లేచి వేలమందిని కొనిపోయెను.

యిర్మియా గ్రంథము 32వ అధ్యాయము చదువుడి. బబులోను సేన యెరూషలేమును ముట్టడించియుండగా, బందీయైయున్న యిర్మియా తన బంధువగు హనమేలు యొద్ద అనాతోతులోని పొలము కొనెను. శత్రువు చేత చిక్కనున్న నేలకు 17 తులముల వెండి తూచి యిచ్చెను. ఏలయనగా చెదరిన జనము తిరిగి ఆ నేలపై కాపురముండునని దేవుని మాటవలన నమ్మెను.

నమ్మినవాడు జాగ్రత్తను విడువలేదు. సాక్షులను పిలిచి, ఒక పత్రమునకు ముద్రవేసి, మరియొక ప్రతిని తెరచియుంచి, రెండింటిని మంటికుండలో దాచుమని బారూకునకు అప్పగించెను. ముప్పదియేండ్ల కష్టార్జితమైన ప్రావిడెంటు ఫండు సొమ్ము ఒక్కసారే చేతికి వచ్చును. పోయిన మరల రాదు. గనుక బయానా ఇయ్యకముందే సబ్‌ రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. తీసికొనుడి. 1991లో మొదట వచ్చి 2019లో మార్చబడిన తీరప్రాంత నిబంధనలు అచ్చట ఇల్లు కట్టనిచ్చునో లేదో విచారించుడి. బావినీరు ఉప్పనిదా, తుఫాను వచ్చిన ఎక్కడ తలదాచుకొందురని ఇరుగుపొరుగును అడుగుడి.

మరియొక ప్రశ్న మనలను మనమే అడుగుకొనవలెను: ఈ ఇల్లు ఎవరికి ఆసరా? ఆ ఉప్పెన రాత్రి గట్టి కట్టడములెక్కి కొందరు ప్రాణము దక్కించుకొనిరి. గాలి లేచిన రాత్రి గుడిసెలోని పొరుగువాడు వచ్చి తట్టినప్పుడు మన తలుపు తెరువబడునా? తెరువబడినయెడల, దివిసీమలోనైనను పాశమైలారపు అద్దెగదిలోనైనను, అదియే నెమ్మదిగల ఇల్లు. అట్టి ఇండ్లను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.