యజమాని తప్పుకు జట్టుకు శిక్షా?



“అత్త మీది కోపం దుత్త మీద” అని మన పెద్దలు ఊరకే అనలేదు. తప్పు ఒకరిది, దెబ్బ మరొకరికి. ఇది అన్యాయమని తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. అయినా ఫుట్‌బాల్ ఆటలో ఇలాంటి శిక్ష ఒకటి నియమావళిలోనే ఉన్నది. క్లబ్బు యజమానులు అప్పుల్లో మునిగినా, లెక్కలు తప్పినా, లీగ్ వారు ఆ జట్టు చెమటోడ్చి సంపాదించిన పాయింట్లను కోసివేస్తారు. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున కూడబెట్టుకున్నవి ఒక్క కాగితంతో పోతాయి. ఇది న్యాయమేనా?

ఈ ప్రశ్న దూరదేశాలది మాత్రమే కాదు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు అక్కడి బాలయోగి స్టేడియం బాగా తెలుసు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టుకు అదే సొంత మైదానంగా ఉండేది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3-1తో ఓడించి కప్పు గెలిచింది. మరుసటి ఏడాది కూడా లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. అంతలోనే ఇల్లు కూలడం మొదలైంది. ఆటగాళ్లకు, సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందలేదని పత్రికలు రాశాయి. బాకీలు తీర్చనందున ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పెట్టింది. పేరున్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లతో 2023-24లో 22 మ్యాచులు ఆడి, ఒక్కటి గెలిచి, ఐదు డ్రా చేసుకొని, 8 పాయింట్లతో జట్టు అట్టడుగున నిలిచింది. ఆ 8 పాయింట్లలోంచి ఎవరూ ఏమీ కోయలేదు. కోయవలసిన పని లేకుండా నిషేధమే ఆ పని చేసింది. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. యజమానులు మారారు, ఊరు మారింది. టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టినవారికి మిగిలినది జ్ఞాపకమే.

ఇంగ్లండులో ఈ కోతలు బాహాటంగానే జరుగుతాయి. అనుమతించిన హద్దు దాటి నష్టాలు చేసినందుకు 2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బుకు 10 పాయింట్లు కోశారు. అప్పీలు మీద 2024 ఫిబ్రవరిలో దాన్ని 6కు తగ్గించారు. షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బులో జీతాలు పదేపదే ఆలస్యమయ్యాయి. చివరికి 2025 అక్టోబరులో దివాలా స్థితికి చేరి నిర్వాహకుల చేతికి వెళ్లగానే ఆ క్లబ్బు 12 పాయింట్లు పోగొట్టుకున్నది. అంటే సమయానికి జీతం అందని ఆటగాడే పాయింట్లు కూడా పోగొట్టుకున్నాడు!

తండ్రి తప్పుకు బిడ్డ శిక్ష అనుభవించాలన్న పాత సామెతను యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో గట్టిగా తోసిపుచ్చాడు. ఎవరి పాపానికి వారే బాధ్యులు. ఆ మాట చదివినవారికి ఈ కోతలన్నీ తప్పే అనిపిస్తుంది. కాని తొందరపడవద్దు. రెండో వైపు కూడా చూద్దాం.

ఒక క్లబ్బు తన శక్తికి మించి అప్పుచేసి గొప్ప ఆటగాళ్లను తెచ్చుకొని గెలిచిందనుకోండి. మరొక క్లబ్బు ఉన్నంతలో సర్దుకొని, ఒకటో తారీకున జీతాలిచ్చి, నిజాయితీగా ఆడి ఓడిపోయింది. మొదటి క్లబ్బు పాయింట్లను ముట్టుకోకపోతే శిక్ష ఎవరికి పడినట్టు? నిజాయితీగా ఉన్నవారికి! ఒక తండ్రి దొంగిలించిన ఆవును ఇంటికి తోలుకొచ్చాడు. బిడ్డలు దాని పాలు తాగుతున్నారు. సొంతదారు వచ్చి ఆవును తోలుకుపోతే బిడ్డలకు పాలు ఉండవు. వారికి కష్టమే. కాని అది వారికి వేసిన శిక్ష కాదు. తమది కానిది తమ దగ్గర నుంచి పోయింది, అంతే.

కొలత ఇక్కడే ఉన్నదని నాకు తోస్తుంది. తప్పుడు దారిలో వచ్చిన లాభం మేరకు కోస్తే అది న్యాయం. దానికి మించి కోస్తే ఆవుతోపాటు బిడ్డల అన్నం కుండ కూడా పట్టుకుపోయినట్టే. పాయింట్లు కోసి, జీతం బాకీ అలాగే ఉంచితే అది అసలు న్యాయమే కాదు. కూలీలకు ఎగ్గొట్టిన కూలి దేవుని ఎదుట మొరపెడుతుందని యాకోబు లేఖ 5వ అధ్యాయం హెచ్చరిస్తున్నది. ఆ మొరకు జవాబు పాయింట్ల పట్టికలో లేదు, బాకీ తీర్చడంలో ఉన్నది.

దోషిని పట్టుకొని ఇంటిని నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. మన నగరంలోనే అది జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కల్లో మోసాన్ని తానే లేఖ రాసి ఒప్పుకున్నాడు. ఆ సంస్థను నమ్ముకొని దాదాపు 50 వేల మంది ఉద్యోగులు ఉన్నారు. ప్రభుత్వం సంస్థను మూసివేయలేదు. కొద్ది రోజుల్లోనే పాత డైరెక్టర్లను తొలగించి కొత్తవారిని నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని తీసుకున్నది. దోషులకు 2015లో కోర్టు జైలు శిక్ష విధించింది. వాటాదారులు నష్టపోయారు, నిజమే. కాని వేల ఇళ్లలో పొయ్యి ఆరిపోలేదు.

ఇక మన సంగతి. జర్మనీలో చాలా క్లబ్బులకు ఒక నియమం ఉన్నది. సగానికి పైగా ఓటు హక్కు క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలి. అక్కడ అభిమాని కేవలం చప్పట్లు కొట్టేవాడు కాదు, లెక్క అడగగలవాడు. లెక్క అడిగే హక్కు ఉన్నవాడు నష్టంలో పాలుపంచుకోవడం సబబే. నోరెత్తే హక్కు లేనివాడి నెత్తిన అంతే భారం మోపడం సబబు కాదు.

మనకు క్లబ్బులు లేకపోవచ్చు. కాని విచారణ సంఘం ఉన్నది, అపార్ట్‌మెంటు సంఘం ఉన్నది, పిల్లలు పనిచేసే కంపెనీ ఉన్నది. వీటిలో చాలా చోట్ల మనకు నోరు ఉన్నది. వాడుతున్నామా? పండుగ ఘనంగా జరిగితే సంతోషిస్తాం. పందిరి వేసినవానికి డబ్బు ముట్టిందా అని అడుగుతున్నామా? కాపలాదారుకు ఈ నెల జీతం అందిందా అని ఎందరం విచారించాం? గెలిచిన నాడు అడగవలసిన లెక్కను ఓడిన నాడు అడిగితే, అప్పటికే దెబ్బ అమాయకుల మీద పడి ఉంటుంది.

వచ్చే సమావేశంలో ఆ ఒక్క ప్రశ్న మీరు అడగండి.