విమోచన దినం: చూసేవాళ్లమా, చేసేవాళ్లమా?

దేశానికి 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చిందని చిన్న తరగతిలోనే నేర్చుకుంటాం. కానీ మన యానాంలో ఆ రోజుకి ఇంకా ఫ్రెంచి పాలనే ఉంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాం విముక్తి పొందింది. అదే ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు మన ఊరి పరిపాలన కూడా భారతదేశం చేతికి వచ్చింది. చట్టప్రకారం విలీనం పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న. అందుకే మనకి జెండా పండుగలు ఎక్కువ.

పండుగలు ఎక్కువే గానీ, వాటిలో జనం పాత్ర ఎంత? జెండా ఎగరేసేది, ఉపన్యాసం ఇచ్చేది పెద్దలు. కవాతు చేసేది పోలీసులు, మన విద్యార్థులు. మిగతావాళ్లు చూసి, మిఠాయి తిని ఇంటికెళ్తారు. చాలామంది అసలు రానే రారు. హాజరు వేస్తే వస్తారు కదా అని కొందరంటారు. నిజమే, వస్తారు. కానీ స్వేచ్ఛ వచ్చిన రోజుని బలవంతంతో జరుపుకోవడం ఏం న్యాయం?

జనం మనసుపెట్టి రావాలంటే వాళ్లకి అందులో ఏదో ఒక పని ఉండాలి. ఆ రోజులు చూసిన తాతలు, మామ్మలు ఇంకా కొద్దిమంది ఉన్నారు. 1954లో పదేళ్లున్నవాళ్లకి ఇప్పుడు ఎనభై దాటాయి. వాళ్లకి శాలువా కప్పితే సరిపోదు, మైకు కూడా ఇవ్వాలి. వాళ్లు చెప్పింది మనం రాసుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. అందరూ ఒకే మాట చెప్పరు. 1954 అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేశారు. 170 మంది విలీనం కావాలన్నారు, 8 మంది వద్దన్నారు. తర్వాత ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న కుటుంబాలూ ఉన్నాయి. పండుగ రోజు వాళ్ల మాటలు వింటే పోరాడినవాళ్లకి అవమానం కాదా అని అడగొచ్చు. నాకలా అనిపించదు. ఎవరి మనసులో మాట వాళ్లు భయం లేకుండా చెప్పుకోవడం కూడా స్వాతంత్ర్యమే కదా. పైగా ఏ ఇంటి పెద్దలు ఏ పక్షాన ఉన్నా, ఆ ఇళ్ల పిల్లలు ఈరోజు మన పక్కనే నిలబడి అదే జెండాకి వందనం చేస్తున్నారు. వాళ్ల తాతల సంగతి ఎత్తొద్దంటే, ఆ పండుగ తమదని వాళ్లకి ఎలా అనిపిస్తుంది?

కాబట్టి నాదొక మనవి. వచ్చే నవంబరు 1లోగా ఇష్టమున్న ప్రతి విద్యార్థీ తన ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్దవారిని అడిగి ఒక పేజీ రాసుకురావాలి. ఆ పేజీలు అన్నీ ఆ రోజు సభలో చదవాలి. పెద్ద ప్రశ్నలేమీ అక్కర్లేదు. "అప్పుడు మీ ఇంట్లో ఏమనుకున్నారు?" అని అడిగితే చాలు.

– 10వ తరగతి విద్యార్థిని, యానాం