వెదకుటయు నొక కాయకమే

దొరకినదెల్ల జ్ఞానమగునా? ఈ ప్రశ్న నేటి విద్యార్థి యెదుట నిలిచియున్నది. పూర్వము ఒక విషయము నెఱుగగోరువాడు గ్రంథాలయమున కేగి, పెద్దల నాశ్రయించి, దినములు గడపి తెలిసికొనెడివాడు. నేడు అంతర్జాలమున రెండు మాటలు వ్రాసినంతనే వేల పుటలు కన్నులయెదుట నిలుచును. శ్రమ తగ్గినది, వివేకముయొక్క భారము పెరిగినది.

పాల్కురికి సోమనాథుని కాలమునుగూర్చి ఒక బాలుడు పరిశోధన వ్యాసము వ్రాయవలసి యున్నదనుకొందము. సోమనాథుడని మాత్రమే వెదకినచో గుజరాతునందలి క్షేత్రము ముందు రావచ్చును. కావున ఉపాధ్యాయుడు మొదట నేర్పవలసినది యంత్రమును గాదు, ప్రశ్నను. తెలియగోరినదానిని ఒక్క వాక్యమున కాగితముపై వ్రాయించి, అందుండి ముఖ్యపదముల నేరించవలెను. పాల్కురికి, పాలకురికి యని రెండు విధములను వెదకించవలెను. గ్రంథనామమును ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచినచో ఆ పదములు ఆ వరుసనే గల పుటలు లభించును. బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమున రచించెను గనుక ఆ లిపిలోను వెదకుట లాభకరము.

అట్లు వెదకిన బాలునకు రెండు సమాధానములు దొరకును. సోమనాథుడు మొదటి ప్రతాపరుద్రుని (1158–1195) నాటివాడని కొందఱు పండితులు, రెండవ ప్రతాపరుద్రుని (1289–1323) నాటివాడని మఱికొందఱు చెప్పిరి. ముందు గనబడినదానిని వ్రాసికొని లేచుట సులభము. కాని యంత్రము చూపు వరుస సత్యముయొక్క వరుస కాదు. పది పుటలు ఒకదానినుండి యొకటి యెత్తి వ్రాసికొన్నచో అవి పది సాక్ష్యములు గావు, ఒక్కటే. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఏ యాధారమున వ్రాసిరి యని ప్రశ్నించి మూలమువఱకు పోవలెను. నిర్ణయము కానిదానిని నిర్ణయము కాలేదనియే వ్రాయవలెను.

వచనముల విషయమున మఱింత మెలకువ వలయును. బసవేశ్వరుని ముద్ర కూడలసంగమదేవ. అల్లమప్రభువు ముద్ర గుహేశ్వర. అక్కమహాదేవి ముద్ర చెన్నమల్లికార్జున. ముద్ర లేని సూక్తి బసవన్న పేర తిరుగుచున్నచో దాని మూలము నడుగవలెను. 1996లో వెలువడిన యొక సంకలనమున కూడలసంగమదేవ ముద్రకు మాఱుగా లింగదేవ ముద్ర నిలుపబడెను. 1998లో కర్ణాటక ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. 2017లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును సమర్థించెను. అచ్చైన గ్రంథమునందే ఇంత వివాదము నడచినప్పుడు, ఎవరు వ్రాసిరో తెలియని పుటను పరీక్షింపక గైకొనుట యెట్లు?

మార్కులు వచ్చిన చాలదా, ఇంత శ్రమ యేల యని కొందఱు తల్లిదండ్రు లందురు. శరణులు కాయకమును సత్యశుద్ధముగ నుండవలెననిరి. పరుల వాక్యమును తనదిగా జూపుట పరుల కష్టఫలము నపహరించుటయే. ఎక్కడనుండి గ్రహించెనో పేరుపెట్టి చెప్పుట ఋణమును మన్నించుట. తాను శోధించి తెలిసికొన్నదానిని తరగతికి పంచుట దాసోహము. అఱివు ఆచారమున నిలిచినప్పుడే అఱివనిపించుకొనును.

పెద్దలకును ఇందొక బాధ్యత కలదు. ఎవ్వరును ఎక్కింపని గ్రంథము అంతర్జాలమున దొరకదు. మఠములందును గృహములందును భద్రముగా నున్న తాళపత్రములను, పాత ముద్రణములను ఛాయాచిత్రములు దీయించి యందఱకు నందించినగాని బాలుని యన్వేషణము మూలమును జేరజాలదు. వెదకుట బాలుని కాయకమైనచో, వెదకినవానికి దొరకునట్లు చేయుట పెద్దల దాసోహము.