పాకం ఎవరు పట్టాలి?

సంక్రాంతికి అమ్మ చేతి అరిసెలంటూ మురిసిపోతాం. ముందురోజే బియ్యం నానబోసి, తడిపిండి ఆరకుండా బెల్లం పాకం పట్టి, కాగే నూనె ముందు గంటలు కూర్చున్న ఆమె నడుం సంగతి మాట్లాడం. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు అందుకు వెచ్చించేది రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88.

"ఆమెకది ఇష్టం" అంటాం. కావచ్చు. కానీ ఇష్టమో కాదో తెలియాలంటే "ఈ ఏడు నావల్ల కాదు" అనే వీలుండాలి. అలా అన్ననాడు ఇంటిల్లిపాదీ ముఖాలు ముడుచుకుంటే, ఇన్నాళ్లూ మనం తిన్నది ఆమె ప్రేమనా, కాదనలేనితనాన్నా? పాకాన్ని నీళ్లలో వేసి ఉండకట్టిందో లేదో చూడటం మగపిల్లలకూ నేర్పుదాం. పండగ అమ్మక్కూడా రావాలి.